రాళ్లమిట్టలో మూడో రకం ఫోను

రాళ్లమిట్ట పట్టణంలో మునిసిపాలిటీ నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయి. ఏ వీధికి ఏ గంటకు వస్తాయన్నది దేవుడికీ, నీళ్ల చౌడప్పకీ తప్ప మూడోవాడికి తెలియదు. ఆ ఇద్దరిలో ఫోనున్నది చౌడప్పకే కాబట్టి ఊరు ఆయన్నే నమ్ముకుంది.

కాగితాల మీద చౌడప్ప ఉద్యోగం పేరు వాల్వు ఆపరేటర్. పందొమ్మిదేళ్లుగా నాలుగడుగుల ఇనుప కీ సైకిలుకు కట్టుకుని ఇరవై రెండు వీధుల వాల్వులు తిప్పుతున్నాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే నీళ్లు ఎందాకా ఎక్కుతాయో ఆయన చేతికి తెలుసు. మునిసిపాలిటీ దగ్గర పైపుల పటమంటూ ఏదీ లేదు. చౌడప్ప ఉండగా పటమెందుకని ఎవరూ గీయలేదు.

ఆ ఫోను మునిసిపాలిటీ పద్నాలుగేళ్ల కిందట ఇచ్చిన బటన్ల ఫోను. బటన్ల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. దాంతో చౌడప్ప ఎవరితోనూ మాట్లాడి ఎరగడు, రింగులిచ్చేవాడు అంతే. వీధికొక ఆడమనిషి నంబరు అందులో ఉంది. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే గంటలో నీళ్లు వస్తాయని అర్థం. రెండిస్తే ఆ రోజుకు రావని. మూడిస్తే ముందు మట్టినీళ్లు వస్తాయి, కాసేపాగి పట్టుకోమని. రింగు అందిన ఆవిడ వాకిట్లోకి వచ్చి ఆ మాట వీధికి చెప్పేది. ఫోను మాత్రం ఎత్తకూడదు, అది ఊరి కట్టుబాటు. ఒకసారి గానుగ వీధిలో కొత్త కోడలు తెలియక ఎత్తి హలో అన్నందుకు వీధి వీధంతా వారం రోజులు ఆ పిల్లను దెప్పిపొడిచింది.

ఇంత సజావుగా నడిచే పని పైవాళ్ల కంట పడకుండా ఎన్నాళ్లని ఉంటుంది? ఒక రోజు సర్క్యులర్ వచ్చింది. బహిరంగ విధుల సిబ్బంది యావన్మందియు తమ హాజరును స్మార్ట్‌ఫోన్ ద్వారా ముఖచిత్ర సహితముగా నమోదు చేయవలెననియు, వచ్చే నెల ఒకటవ తేదీ నుండి అట్లు నమోదు కాని హాజరు హాజరుగా పరిగణింపబడదనియు, సిబ్బంది దైనందిన వినియోగమునకు అనువైన ఫోను రకమును స్థానిక కమిటీ తులనాత్మకముగా పరిశీలించి ఎంపిక చేయవలెననియు అందులో ఉంది. మెచ్చుకోవలసిన విషయమేమంటే, హాజరుకు తేదీ పెట్టారు గానీ ఎంపికకు తేదీ పెట్టలేదు.

కమిటీ వేశారు. మేనేజర్ పురుషోత్తం అధ్యక్షుడు, సెక్షన్‌కొకరు చొప్పున ఇంకో ఆరుగురు సభ్యులు. ఏడుగురిలో ఎండలో పనిచేసేవాడు ఒక్కడూ లేడు. ఎండలో పనిచేసేవారికి ఈ విషయంలో స్వప్రయోజనం ఉండే అవకాశమున్నందున వారిని మినహాయించడమైనది అని మినిట్స్‌లో రాసుకున్నారు.

పరిశీలనకు రెండు రకాలొచ్చాయి. ఒకటో రకం నున్నగా, బరువుగా ఉంటుంది. తన చార్జరు తప్ప ఇంకో చార్జరును దగ్గరికి రానివ్వదు, తన గడప లోపలికి కొత్తవాళ్లను అడుగు పెట్టనివ్వదు. రెండో రకం అందరినీ కలుపుకుపోతుంది. ఎవరి చార్జరైనా సరే, రెండు సిమ్ములైనా సరే, కానీ అడగని కబుర్లు మధ్యమధ్యలో చెబుతుంది. ఇంజనీరింగ్ సెక్షన్ ఒకటో రకం వైపు నిలిచింది. రెవెన్యూ సెక్షన్ రెండో రకం వైపు నిలిచింది. పదేళ్లుగా ఒకే కెటిల్ టీ తాగిన మనుషులు వేరు వేరు కెటిళ్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. టౌన్ ప్లానింగ్ ఆయన ఇంట్లో ఒకటో రకం, జేబులో రెండో రకం ఉందని తెలిసి రెండు పక్షాలూ ఆయనతో మాట్లాడటం మానేశాయి.

కమిటీ మొదటి తీర్మానం నిష్పాక్షికత గురించి. పాత ఫోన్లకు అలవాటుపడిన సిబ్బంది కొత్త రకాల పట్ల పక్షపాత దృష్టి కలిగి ఉండవచ్చు కనుక, మునిసిపాలిటీ ఇచ్చిన పాత ఫోన్లన్నీ సిమ్ముతో సహా స్వాధీనం చేసుకోవాలని నిర్ణయించారు. డ్యూటీలో సొంత ఫోన్లు వాడటం కూడా నిషేధించారు. చౌడప్ప ఫోనును ఖాకీ కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, బీరువాలో దాచారు.

సీలు వేస్తుంటే చౌడప్ప అడ్డం పడ్డాడు. ఇరవై రెండు నంబర్లూ అందులోనే ఉన్నాయని, అవి తన నోటికి రావని, వేలికే వస్తాయని చెప్పుకున్నాడు. ఊరికి కబురు ఎట్లా అందాలని అడిగాడు. పురుషోత్తం గారు మంచి మనిషి, కోప్పడలేదు. ఊరికి కబురందించడం వాల్వు ఆపరేటర్ విధుల పట్టికలో ఎక్కడా లేదని పట్టిక తీసి చూపించాడు. నీళ్లు వదలడమే విధి, పట్టుకోవడం ప్రజల విధి అన్నాడు.

ఒకటో తేదీ వచ్చింది. రకం తేలలేదు, ఫోను రాలేదు, హాజరు మాత్రం అమల్లోకి వచ్చింది. చౌడప్ప మామూలుగా రిజిస్టరులో సంతకం పెట్టబోతే అక్కడ రిజిస్టరు లేదు. పురుషోత్తం గారి బల్ల ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"నువ్వు ఈ రోజు గైర్హాజరు చౌడప్పా," అన్నాడు పురుషోత్తం, తల ఎత్తకుండానే.

"ఈడనే ఉండాను కదా సార్. మీ ముందరే ఉండాను."

"ఉన్నావని నువ్వంటున్నావు. రికార్డు అనడం లేదు. వరుసగా ముప్పై రోజులు గైర్హాజరైతే తొలగింపు. అది నా చేతిలో లేదు, రూల్లో ఉంది."

మరి ఫోను ఎప్పుడిస్తారని చౌడప్ప అడిగాడు. పరిశీలన జరుగుతోందని, తొందరపడి తప్పుడు రకం ఇస్తే నష్టపోయేది నువ్వేనని, నీ మేలు కోసమే ఆలస్యం చేస్తున్నామని మేనేజర్ నచ్చజెప్పాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో చౌడప్పకు ఆ రోజు బాగా అర్థమైంది. చేతిలో ఉన్నవి ముప్పై రోజులు. ఆ తర్వాత ఆ ఇనుప కీ ఇంకెవడో పట్టుకుంటాడు. ఏ చుట్టు ఎందాకో తెలియనివాడు పట్టుకుంటాడు. ఉద్యోగం పోతుందన్న బాధ కంటే ఆ తలపే ఆయనను ఎక్కువ బాధపెట్టింది.

గైర్హాజరైనా నీళ్లు మానలేదు. వాల్వు తిప్పేముందు సైకిలు మీద వీధివీధికీ పోయి, గంటలో నీళ్లొస్తాండాయని అరిచి వచ్చేవాడు. రోజుకు ఐదారు వీధులు. యాభై రెండేళ్ల మోకాళ్లు మొదటి వారానికే మొండికేశాయి. అరిచిన వీధిలో సగం మందికే వినపడేది. అన్నిటికంటే బండమీద వీధితో వచ్చింది చిక్కు. అది పైపుకు చిట్టచివర, మిట్ట మీద ఉంది. అక్కడ నీళ్లు ఎక్కినా ఇరవై నిమిషాలే ఉంటాయి. ఆ వీధి నంబరు కుళ్లాయమ్మది. ఆమె వేరుశనగ మిల్లులో కాయలు చెరిగే పని చేస్తుంది, ఆ వీధి ఆడవాళ్లలో ముప్పాతిక మంది అక్కడే పని. ఒక్క రింగు వస్తే మేస్త్రీని అడిగి అందరూ గంటసేపు ఇళ్లకు పోయి బిందెలు నింపుకునేవాళ్లు. చౌడప్ప మిల్లు దాకా తొక్కుకుంటూ పోయి చెప్పి, తిరిగి వాల్వు దగ్గరికి వచ్చేసరికి వేళ దాటేది. పందొమ్మిదేళ్లలో ఒక్క వంతు కూడా తప్పని వీధికి ఆ నెలలో రెండు వంతులు తప్పాయి.

రెండోసారి తప్పిన రోజు కుళ్లాయమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఎదురైంది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. "నీకేమన్నా ఒంట్లో బాగలేదేమో అనుకుంటిమి అన్నా," అంది. చౌడప్పకు ఏడుపొచ్చినంత పనైంది.

అక్కడ కమిటీ నిద్రాహారాలు మాని పనిచేస్తోంది. దైనందిన వినియోగం అంటే ఏమిటో ముందు నిర్వచించుకోవాలి గదా. ఆదివారాలు, రెండో శనివారాలు దినాలే అయినా పనిదినాలు కావు గనుక వాటిని మినహాయించారు. ఉదయం వినియోగమా, సాయంత్రం వినియోగమా అన్నదానిపై ఉపసంఘం వేశారు. ఇక పరీక్షలు. వాటికొక చిన్న అడ్డంకి వచ్చింది. నమూనా ఫోన్లు సీలు చెడకుండా తిరిగి ఇవ్వాలని షరతు. సీలు తీస్తే అది వాడిన ఫోను అవుతుంది, వాడిన ఫోను నమూనా కాదు. అందుకని రెండు ఫోన్లనూ పెట్టెల్లోంచి తీయకుండానే వాటి దైనందిన వినియోగాన్ని పరీక్షించాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు. రెండు సెక్షన్లూ ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

పెట్టెలను కూరగాయల మార్కెట్టు తక్కెడలో తూచారు. ఒకటో రకం ఒక వంకాయ ఎత్తు ఎక్కువ తూగింది. మేడ మీద నుంచి కింద పడేసి చూశారు. పెట్టెలు రెండూ చెక్కుచెదరలేదు, మన్నికలో సమానమని రాశారు. చార్జింగ్ ఎంతసేపు నిలుస్తుందో చూడటానికి రెండు పెట్టెలనూ ఏడు రోజులు బల్ల మీద పెట్టారు. ఏడు రోజుల తర్వాత కూడా రెండింటిలో ఏదీ ఆఫ్ అయిన దాఖలా కనబడలేదు. ఒక సభ్యుడు రోజూ పొద్దున రెండు పెట్టెలను చెవి దగ్గర పెట్టుకుని అరగంట సేపు కూర్చునేవాడు, శబ్ద స్పష్టత ఆయన అంశం. రెండూ నిశ్శబ్దంగా, ఎక్కడా గరగర లేకుండా ఉన్నాయని ఆయన నివేదిక ఇచ్చాడు.

నీటి పరీక్ష దగ్గర ఆగిపోయింది. వాల్వు ఆపరేటర్ వాడే ఫోను తడిసినా పనిచేయాలి కాబట్టి పెట్టెలను ప్లాస్టిక్ కవరులో చుట్టి బకెట్టు నీళ్లలో ముంచాలన్నారు. ఆఫీసులో బకెట్టుంది, నీళ్లు లేవు. ఆఫీసు వీధికి రింగు రాక మూడు వారాలైంది, పట్టేవాడు పట్టలేదు. చౌడప్పను పిలిచి నీళ్లు వదలమని చెబుదామని ఒకరన్నారు. గైర్హాజరైన వ్యక్తికి కార్యాలయం ఎట్లా ఆదేశమిస్తుందని ఇంకొకరు అడిగారు.

ఊరి నెత్తిన పిడుగు పడింది ఆ ప్రశ్నతోనే. గైర్హాజరైన వ్యక్తి రోజూ వాల్వులు తిప్పుతున్నాడన్న సంగతి అంతవరకు ఎవరూ ఆ కోణంలో చూడలేదు. లోకల్ ఆడిట్ ఆయన చూశాడు. విధుల్లో లేని వ్యక్తి వదిలిన నీరు అనధికార నీరు అని అభ్యంతరం రాశాడు. అనధికార నీటిని బిందెల్లో, డ్రమ్ముల్లో నిల్వ ఉంచుకొన్న గృహస్థుల నుండి సంజాయిషీ కోరవలెనని కూడా రాశాడు. వారం తిరక్కముందే ఊళ్లో రెండు వేల ఇళ్లకు నోటీసులు వెళ్లాయి. సదరు నీటిని ఇప్పటికే తాగి ఉన్నచో ఆ విషయమును తేదీలతో సహా తెలుపవలెను అని కింద ఒక గమనిక. కుళ్లాయమ్మకు కూడా నోటీసు వచ్చింది. ఆమె మిల్లులో లెక్కల గుమాస్తా చేత జవాబు రాయించింది: అయ్యా, మా వీధికి రెండు వంతులుగా అధికార నీరు గానీ అనధికార నీరు గానీ రాలేదు, ఏదో ఒకటి ఇప్పించండి.

ముప్పయ్యో రోజు కమిటీ తుది సమావేశం పెట్టుకుంది. కమిషనర్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. తొలగింపు ఉత్తర్వు టైపు చేసి సిద్ధంగా ఉంది, అయితే ఉత్తర్వుకు ముందు వ్యక్తి వాదన వినాలని ఇంకో రూల్ ఉంది. గైర్హాజరైన వ్యక్తిని లోపలికి రానివ్వడానికి సందర్శకుల చీటీ రాసి చౌడప్పను పిలిచారు. ఆయన ఇనుప కీ వెంటబెట్టుకునే వచ్చాడు, ఎటూ తిరిగి ఇచ్చేయాలి గదా అని.

నెల రోజుల్లో ఎవరికీ తట్టని ప్రశ్న ఆ రోజు కమిషనర్ గారికి తట్టింది. చెప్పుకోవలసిన మాటే అది. "ఇంతకీ నీ రోజువారీ పనికి ఫోనులో ఏం కావాలయ్యా?" అని అడిగారు.

"ఒక్క రింగు కొట్టి కట్ చేసేది కావల్ల సార్. అంతే."

గదిలో కాగితాల చప్పుడైంది. ఒకటో రకం గుణగణాల పట్టిక నలభై పేజీలుంది, రెండో రకానిది యాభై ఆరు. కట్ చేయుట అన్న గుణం రెండింటిలోనూ కనబడలేదు. అది చేసే ఫోను అసలెక్కడైనా ఉందా అని కమిషనర్ గారు అడిగితే, మీ బీరువాలోనే ఉందని చౌడప్ప చెప్పాడు. పురుషోత్తం గారు మెల్లగా, అయితే పరిశీలనకు రాని మూడో రకం ఒకటున్నదన్నమాట అన్నాడు. ఆయన గొంతులో నిజమైన ఉత్సాహం వినబడింది.

లక్క సీలు పగలగొట్టారు. అది వాడిన ఫోనే గనుక పరీక్షించడానికి ఏ షరతూ అడ్డు రాలేదు. సన్న పిన్ను చార్జరు ఊరంతా వెతికి సైకిల్ షాపులో సంపాదించారు. అరగంట చార్జింగ్ పెట్టగానే ఫోను వెలిగింది, వెలిగి ఆగకుండా టిక్కు టిక్కుమంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు వచ్చిన మిస్డ్ కాల్స్ కబుర్లు అవన్నీ. ఏనాడూ ఆయనకు రింగివ్వని ఇరవై రెండు వీధులూ నెల పొడుగునా రింగిచ్చాయి. మెసేజ్‌ల పెట్టె నిండిపోయిందని ఫోను చెప్పింది. చౌడప్ప పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు.

పురుషోత్తం గారు అది గమనించలేదు, ఆయన పరీక్షలో ఉన్నాడు. పరీక్ష శాస్త్రీయంగా జరగాలంటే ఒక్క నంబరు సరిపోదని, అందులో ఉన్న ఇరవై రెండు నంబర్లకూ వరుసగా ఒక్కొక్క రింగిచ్చి కట్ చేశాడు. చౌడప్ప వద్దు సార్ వద్దు సార్ అంటూనే ఉన్నాడు. సందర్శకుల చీటీ మీద వచ్చినవాడు సమావేశంలో మధ్యలో మాట్లాడకూడదని ఆయన్ను కూర్చోబెట్టారు. ఇరవై రెండింటికి ఇరవై రెండూ విజయవంతమని పురుషోత్తం గారు కాగితం మీద రాసుకున్నాడు.

నెల రోజుల తర్వాత ఊరికి ఒక్క రింగు వచ్చింది. గానుగ వీధి కోడలు వాకిట్లోకి పరుగెత్తింది. మిల్లులో కుళ్లాయమ్మ చేట కింద పడేసి లేచింది, ఆమె వెనక ముప్పై మంది లేచారు. బళ్లో పంతులమ్మలు పిల్లలకు సెలవిచ్చేశారు. గంటలో ఇరవై రెండు వీధులూ బిందెలు, బకెట్లు, డ్రమ్ములతో కొళాయిల ముందు నిలబడ్డాయి. గంట దాటింది, నీళ్లు రాలేదు. రింగిచ్చి నీళ్లివ్వకపోవడం పద్నాలుగేళ్లలో ఎన్నడూ జరగలేదు. ఇంకో అరగంటకు బిందెలన్నీ మునిసిపల్ ఆఫీసు ముందుకు వచ్చాయి. బిందెల మీద గరిటెలు మోగుతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. ఆ గుంపులో కమిషనర్ గారి భార్య కూడా ఉంది. ఆఫీసర్స్ కాలనీ నంబరు ఆవిడదే.

కమిషనర్ గారు కిటికీలోంచి కిందికి చూశారు. చూసి, వెనక్కి తిరిగి, త్వరగా పోయి వాల్వులు తిప్పమని చౌడప్పతో అన్నారు.

చౌడప్ప లేవలేదు. ఆయనకు పొగరు లేదు, ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పినవాడు కాదు. కానీ ముప్పై రోజుల పాఠం వంటబట్టింది. "నేను గైర్హాజరు గదా సార్," అన్నాడు. "నేనిడిస్తే అవి దొంగ నీళ్లయితాయి. పాపం వాళ్లకి మళ్లా నోటీసులిస్తారు."

ఇంకెవరినైనా పంపమన్నారు కమిషనర్ గారు. ఇంజనీర్ గారు పైపుల పటం కోసం బీరువా వైపు నడిచి, సగం దారిలో ఆగిపోయి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కింద బిందెల మోత పెరిగింది. పురుషోత్తం గారు లేచి, పాత సామాను గదిలోకి స్వయంగా పోయి, దుమ్ము కొట్టుకుపోయిన హాజరు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముప్పై గళ్లలో తన చేత్తో ముప్పై సార్లు హాజరు అని రాశాడు. ఎర్ర సిరా అయిపోతే నీలం సిరాతో రాశాడు. కమిషనర్ గారు కింద సంతకం చేశారు. తొలగింపు ఉత్తర్వును ఎవరో బల్ల కిందికి తోసేశారు.

చౌడప్ప తన ఫోను చేతిలోకి తీసుకున్నాడు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ట్యాంకులో ఆరు వీధుల నీళ్లే ఉన్నాయి, పట్టాల్సిన వీధులు ఇరవై రెండు. మెట్లు దిగుతూనే మనసులో లెక్క వేసుకున్నాడు. కిందికి వచ్చి, అందరికీ తలా పావుగంట వస్తాయని, మిగతావి రేపని చెప్పాడు. జనం సరేనన్నారు. ఎప్పుడూ ఆఫీసర్స్ కాలనీతో మొదలయ్యే వరుసను ఆ రోజు మొట్టమొదటిసారి తిరగేశాడు. మిగతా వాల్వులన్నీ బిగించి, నీళ్లన్నీ ముందు బండమీద వీధికి ఎక్కించాడు. ఆ కాలనీ చివరికి పోయింది.

కమిటీ ఆ సాయంత్రమే తీర్మానం చేసింది. పరిశీలించిన రెండు రకాలును సమానముగా అనువైనవి, మూడవ రకము మిక్కిలి అనువైనది, కావున సిబ్బంది యావన్మందికిని మూడవ రకమునే కొనుగోలు చేయవలెను. నెల తిరక్కుండా పైనుంచి జవాబు వచ్చింది. అటువంటి ఫోను తయారీ ఆగి తొమ్మిదేళ్లయింది. అంతవరకు హాజరు రిజిస్టరులోనే వేయాలన్నారు, మూడో రకానికి సమానమైన నాలుగో రకాన్ని వెతకడానికి కొత్త కమిటీ వేశారు. రెండు నమూనా పెట్టెలూ సీలు చెడకుండా వెనక్కి వెళ్లాయి.

అదంతా తర్వాతి మాట. ఆ రోజు చౌడప్ప బండమీద వీధి వాల్వు దగ్గర కూర్చుని, కీ ఒళ్లో పెట్టుకుని, చెవి పైపుకు ఆనించాడు. నీళ్లు మిట్ట ఎక్కుతున్న చప్పుడు వినబడింది. పది నిమిషాలకు జేబులో ఫోను మోగింది. ఒక్కటే రింగు, మోగి ఆగిపోయింది. తీసి చూస్తే కుళ్లాయమ్మ నంబరు. అటునుంచి ఇటు వచ్చే రింగుకు అర్థమేమిటో వాళ్లెప్పుడూ అనుకోలేదు. చౌడప్పకు అర్థమైంది. ఎత్తి మాట్లాడాలని చెయ్యి పోయింది గానీ, ఎత్తకూడదు గదా అని గుర్తొచ్చి నవ్వుకుని, ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.